కృపావతి కుడిచెవి

గుమ్మగొందిలో కృపావతితో మాట్లాడాలంటే ఎవరైనా ఆమె ఎడమవైపుకి వచ్చి నిలబడతారు. కుడిచెవి ఊళ్ళో లేదు. కూతురు సుజానాతో వెళ్ళింది.

ఆ కొండల్లో కొన్ని ఇళ్ళల్లో అది ఉన్నదే. తొలిచూలు ఆడపిల్ల అయితే తల్లి కుడిచెవి ఆ పిల్ల వెంట పోతుంది. పిల్ల ఏది వింటే తల్లికీ అదే వినబడుతుంది. సుజానా బళ్ళో ఎక్కాలు చదువుతుంటే కృపావతి కాఫీ తోటలో పళ్ళు కోస్తూ పెదాలు కదిపేది. సుజానా అరకు హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ అక్కడ భోజనాల గంట కొడితే ఇక్కడ కృపావతికి ఆకలేసేది. పిల్ల విశాఖపట్నంలో సంగీతమూ బొమ్మలూ నేర్పే కాలేజీలో చేరాక, సముద్రాన్ని చూడకముందే దాని హోరు ఆమెకి అలవాటైపోయింది.

సుజానాకి వయొలిన్ నేర్పింది చర్చి పాస్టరు సైలస్ గారు. ఆయన దగ్గర పాత వయొలిన్ ఒకటి ఉండేది. చిన్నప్పుడు ఆ పిల్ల కమాను పట్టుకుని కీచుమనిపిస్తుంటే ఊళ్ళో కుక్కలన్నీ గొంతు కలిపేవి. ఆ పిల్లే ఇప్పుడు వియన్నాలో ఉంది. కాలేజీవాళ్ళు ఇద్దరిని ఎంపిక చేసి ఆర్నెల్ల చదువుకి పంపితే వాళ్ళలో ఒకతి సుజానా. రెండోది బొమ్మలు వేసే మాధవి. వియన్నా ఎక్కడుందని తండ్రి గాసి అడిగితే, "రైలు గంట కంటే ట్రామ్ గంట ఎక్కువ ఇనబడే ఊరు" అని చెప్పింది కృపావతి. గాసికి కూతురి కబుర్లన్నీ పెళ్ళాం నోటి నుంచే. పొద్దున్న చోడి అంబలి తాగుతూ "ఏటి సేత్తంది గుంట?" అని ఒకసారి, రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని మరోసారి అడుగుతాడు.

ఆ ఆదివారం నవంబరు మంచు ఇంకా విడవలేదు. పొలాల్లో వలిసె పూలు పచ్చగా ఉన్నాయని తెలుస్తోంది గానీ కనబడటం లేదు. చర్చిలో సైలస్ గారి ప్రసంగం నడుస్తుండగా కృపావతి కుడిచెవిలో వియన్నా తెల్లవారింది. హాస్టల్ పక్కన పెద్ద చర్చి ఒకటుంది. సుజానా వెళ్ళిన కొత్తలో ఆ గంట మొదటిసారి మోగినప్పుడు కృపావతి చేతిలో గిన్నె జారి పడింది. అంత మోత. ఇప్పుడు అదే గంట రెండు కొండల అవతల ఎవరో పళ్ళెం మీద చెంచాతో కొట్టినట్టు వచ్చింది.

నెల రోజులుగా ఆమె ఇది గమనిస్తూనే ఉంది. వయసు మీదపడుతోంది, చెవి మందగిస్తోంది అనుకుంది. కానీ ఆ గంట మోగుతుండగానే సుజానా పళ్ళు తోముకుంటూ ఏదో కూనిరాగం తీసింది. ఆ రాగం చెవిలో నోరు పెట్టి పాడినట్టు గట్టిగా వినబడింది. పిల్ల సొంత గొంతు అంత బాగా వస్తోంది. బయటి గంటే రావడం లేదు. అంటే తగ్గింది తన చెవి కాదు.

పక్కనున్న అచ్చియమ్మ "ఏటే, మొహం అలా అయిపోనాది?" అని అడిగితే కృపావతి తల అడ్డంగా ఊపింది. ప్రార్థన అయిపోగానే తిన్నగా సవరమ్మ ఇంటికి నడిచింది.

సవరమ్మ ఊళ్ళో అందరికంటే పెద్దది. అరుగు మీద చిక్కుడు గింజలు ఒలుచుకుంటోంది. ఆమె కుడిచెవి ఒకప్పుడు కూతురితో కొయ్యూరు వెళ్ళింది. తర్వాత తిరిగొచ్చేసింది. కృపావతి చెప్పిందంతా విని, చేతిలో కాయ పక్కన పెట్టింది.

"దూరం ఎక్కువైపోనాదే. అందుకే," అంది.

"దూరమైతే నాకు కదా ఇనబడకపోవాల? గుంటకెందుకు?"

"ఒక్క ఇనికిడి ఇద్దరు పంచుకుంటన్నారు. బడికాడికీ అరకుకీ అయితే ఇద్దరికీ సరిపోతాది. ఇశాపట్నం దాకా కూడా లాక్కొస్తాది. అంత దూరం నుంచి నీ కాడికి రావాలంటే మరి దాని వాటా ఏటి మిగుల్తాది? నువ్వు ఇన్నకొద్దీ దానికి తగ్గిపోతంది."

కృపావతి అరుగు అంచుని పట్టుకుని కూర్చుంది. "నాను తీసుకుంటన్నానా? గుంట సెవి నాను తినేత్తన్నానా?"

"నువ్వు కావాలని సేత్తన్నావేటి? మనూరోళ్ళెవరూ అంత దూరం ఎల్లనేదు, అందుకే తెల్లేదు. కురుపాం కాడ మా పెదనాన్న కూతురొకతుంది. దాని గుంటని డిల్లీ పంపినారు, పనికి. ఇది సెవిని ఎనక్కి పిలవనేదు. ఇనకుండా ఉండలేనంది. ఆ గుంట ఇప్పుడు సైగలతో బతుకుతంది."

"పిలిత్తే వత్తాదా?"

"గుమ్మంలో నిలబడి నీ పేరు పెట్టి నువ్వే పిలుసుకోవాల. వత్తాది. కానీ ఒకసారొచ్చిన సెవి మరి ఎల్లదు." సవరమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "బేగి పిలు. సగం పోనాది మరి రాకపోవచ్చు. మిగిలిందైనా నిలబడతాది."

కృపావతి ఇంటికొచ్చి గాసికి చెప్పింది. గాసి వెలిగించబోయిన చుట్ట పక్కన పెట్టేశాడు.

"మరైతే పిలు," అన్నాడు.

"ఇవాళ కచేరీ ఉన్నాది," అంది కృపావతి. "వారం నుంచి సెప్తంది. 'అమ్మా, ఆదివారం పొద్దున్న బొమ్మలు సూత్తాను, సాయంత్రం కచేరీకి ఎల్తాను, నువ్వూ ఇను' అని. నన్ను తోడు తీసుకెల్తంది మావా. ఆ ఒక్కటీ ఇని, అవగానే పిలిసేత్తాను."

గాసికీ ఆ కబురు వినాలనే ఉంది.

*

వియన్నాలో ఆ పొద్దున్న సన్నగా వాన పడుతోంది. బొమ్మల మ్యూజియం మెట్లెక్కుతూ సుజానా గొడుగు మూసింది. మాధవి ముందు నడుస్తూ ఏదో చెబుతోంది. సుజానా ఆమె పెదాలు కనబడేలా పక్కకి వచ్చింది. ఇది అలవాటైపోయింది. క్లాసులో ముందు బల్ల, హోటల్లో గోడ పక్క కుర్చీ, నడిచేటప్పుడు మనిషికి అరడుగు ముందు.

మ్యూజియంలో మాత్రం ఆమెకి ప్రాణం హాయిగా ఉంది. అక్కడ ఎవరూ మాట్లాడరు, వినాల్సిందేమీ లేదు. గోడల నిండా మనుషులు నోళ్ళు తెరిచి నవ్వుతున్నారు, పోట్లాడుకుంటున్నారు, పాడుతున్నారు. వాళ్ళ గొంతులు ఎవరికీ వినబడవు. ఆ గదుల్లో ఆమె అందరితో సమానం.

ఒక పెద్ద బొమ్మ ముందు ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా అంది. "అమ్మా, ఇక్కడ ఒక బొమ్మ ఉన్నాది. ఏరు. ఏటి మీద బల్లకట్టు. అందరూ ఎక్కేసినారు. ఒక ఆవు మాత్రం ఎక్కనంటంది. ముసలోడు తాడు పట్టుకుని ముందు నుంచి లాగుతన్నాడు."

గుమ్మగొందిలో కృపావతి చేటలో చోళ్ళు చెరుగుతూ ఆగింది. గాసికి చెప్పింది.

"ముందు నుంచి లాగితే ఎలా ఎక్కుద్ది?" అన్నాడు గాసి. "ఎనక్కెల్లి తొయ్యమను."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుండగానే కృపావతి చెవిలో మగగొంతు ఒకటి, దూరంగా, తెలియని భాషలో. మళ్ళీ అదే మాట. మూడోసారి ఇంకొంచెం గట్టిగా. తర్వాత సుజానా కెవ్వుమన్న కేక.

బొమ్మకి మరీ దగ్గరగా వెళ్ళిందని కాపలా అతను పిలుస్తున్నాడు. పలక్కపోయేసరికి భుజం మీద తట్టాడు. సుజానా ఉలిక్కిపడి అరిచింది. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అతను చేతులు రెండూ పైకెత్తి వెనక్కి తగ్గాడు. సుజానా "సారీ, సారీ" అంటూ గోడవైపు నడిచింది.

మాధవి ఆమెని మెట్ల కింద కాఫీ దుకాణంలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"సుజ్జీ, నేను కూడా పిలిచాను. నీ పక్కనే నిలబడి పిలిచాను. ఏమైంది నీకు?"

సుజానా కప్పు తిప్పుతూ చెప్పింది. "తగ్గిపోతోంది. ఇక్కడికి రాకముందే మొదలైంది. వైజాగ్‌లో డాక్టరు చూసింది. లోపలి నరం ఆరిపోతోందట, ఎందుకో తెలీదట. ఆగుతుందని చెప్పలేనంది. సన్నటి శబ్దాలు ముందు పోతాయి, తర్వాత మిగతావి."

"మరి చెప్పకుండా ఎలా వచ్చేశావే?"

"చెబితే పంపేవాళ్ళా? పూర్తిగా పోయేలోగా ఒక్కసారి, ఆ హాల్లో అంతమంది కలిసి వాయించే వయొలిన్లు వినాలనుకున్నాను. అంతే."

"రేపు నీ ఆడిషన్. రెండేళ్ళ సీటు కోసం. ఎలా వాయిస్తావు?"

"వేళ్ళకి గుర్తుంది. గడ్డం కింద చెక్క అదురుతుంది కదా, దాన్ని పట్టుకుని వాయిస్తాను."

"మీ అమ్మకి తెలుసా?"

సుజానా గతుక్కుమంది. అమ్మ చెవి సంగతి ఆ కంగారులో మరిచే పోయింది. చేత్తో నోరు మూసుకుంది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

చేట కృపావతి ఒళ్ళో ఒరిగిపోయింది. చోళ్ళు అరుగంతా పడ్డాయి. గాసి అడుగుతున్నాడు, ఏటయిందే, ఏటయిందే అని. ఆమె గింజలు చేటలోకి ఎత్తుతూ పోయింది. ఆ డాక్టరు మాటలు అప్పుడూ చెవిన పడ్డాయి, కానీ అంతా ఇంగ్లీషు, తనకి అర్థం కాలేదు. రాకముందే మొదలైంది అంది గుంట. అంటే విశాఖపట్నం దూరానికి కూడా ఒక్క వినికిడి సరిపోలేదు. పిల్ల పోగొట్టుకుంటున్నదల్లా తన దగ్గరికే వస్తోంది. సముద్రం హోరుకి మురిసిపోయిన ప్రతిరోజూ తను కొంత తాగేసింది.

అయినా పిలవలేదు. పొయ్యి రాజేసింది, కూర వండింది, కోళ్ళని గూట్లో పెట్టింది. గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చింది. సాయంత్రం కచేరీ. 'నువ్వూ ఇను' అంది పిల్ల. ఈ ఒక్కదానికీ తోడు లేకపోతే ఎలా అనుకుంది. అది పిల్ల కోసమో తన కోసమో తేల్చుకోలేకపోయింది.

*

కచేరీ హాల్లో సుజానాకి దొరికింది వెనకాల నిలబడే చోటు. ముందు ఇత్తడి కమ్మీ, దాని మీద చేతులానించుకుని ఆమె పైకప్పు చూసింది. బంగారు రంగు పూత, దీపాల గుత్తులు, గోడల వెంట రాతి బొమ్మలు. మాధవి ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది.

మొదట డోళ్ళు. అవి చెవికి కాదు, కమ్మీలోంచి అరచేతుల్లోకి వచ్చాయి. తర్వాత పెద్ద తంత్రీవాద్యాలు, పొట్టలో ఎవరో మూలిగినట్టు. సుజానా ఊపిరి బిగబట్టింది. వినబడుతోంది. కొంచెం మసకగానే అయినా వినబడుతోంది.

తర్వాత మిగతావాళ్ళంతా ఆగారు. వయొలిన్లు ఎత్తుకున్నారు.

అన్ని కమానులూ ఒక్కసారి లేచాయి. ఒక్కసారి దిగాయి. వాళ్ళ మోచేతులు కదులుతున్నాయి, వేళ్ళు తీగల మీద వణుకుతున్నాయి. ముందు వరసలో ఒకావిడ కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. ఏమీ రావడం లేదు. వాళ్ళంతా గాజు తలుపు అవతల ఉన్నట్టుంది. సుజానా పక్కకి చూసింది. మాధవి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అంత బాగుందన్నమాట.

ఆమె తల వంచి, కమ్మీకి నుదురు ఆనించి గొణిగింది. "అమ్మా. నీకేటైనా ఇనబడతందా?"

ఆ మాట కృపావతి చెవిలో ఉరిమినట్టు పడింది. దాని వెనక ఏమీ లేదు. పిల్ల వెక్కు, పిల్ల గుండె చప్పుడు, అంతే. అప్పటికి కొండల్లో బాగా రాత్రయి వాన మొదలైంది. పొయ్యి వెలుగులో గాసి ఆమె మొహమే చూస్తున్నాడు.

"మొదలెట్టినారా?" అన్నాడు.

"మొదలెట్టినారు. ఏటీ ఇనబడ్లేదు మావా. దానికి ఇనబడక నన్నడుగుతంది."

గాసి లేచాడు. ఎప్పుడూ ఆమె మీద చెయ్యి వేసి లేపిన మనిషి కాదు. భుజం పట్టుకుని లేపాడు.

"పిలిసీ, కృపా. మనం ఇన్నది సాలు."

"పిలిత్తే మరి దాని గొంతు..."

"పిలిసీ."

కృపావతి గుమ్మంలోకి వచ్చింది. వాన జల్లు మొహాన కొట్టింది. తన పేరు తను పిలుచుకోవడం ఎలాగో మొదట తెలియలేదు. చిన్నప్పుడు అమ్మ తనని పశువుల దగ్గర్నుంచి పిలిచేది. గుర్తు తెచ్చుకుని అలాగే పిలిచింది.

"కృపావతీ! ఇంటికొచ్చీ!"

చెవిలో చివరగా విన్నది కూతురి వెక్కు. సగంలో ఆగిపోయింది. తర్వాత ఏట్లో మునిగి లేచినప్పుడు చెవిలో నీళ్ళు దిగిపోయినట్టు ఏదో వెచ్చగా దిగింది. వాన చప్పుడు రెండువైపుల నుంచీ వచ్చి పడింది. సిల్వర్ ఓక్ ఆకుల మీద వాన, రేకుల మీద వాన, గాసి రొప్పు, పొయ్యిలో కట్టె చిట్లిన శబ్దం. ఇరవై ఏళ్ళ పైమాటే ఆమె ఆ ఇంట్లో సగం చప్పుడుతోనే బతికింది. ఇంత గోలగా ఉంటుందని మరిచిపోయింది.

ఆమె ఆ వానలో సుజానా కోసం వెతుక్కుంది. లేదు. పుట్టినప్పటినుంచీ ఒక్క గంట కూడా పోని ఊపిరి, పక్క గదిలో ఉన్నట్టుండే ఊపిరి లేదు. గుమ్మంలోనే కూలబడింది. గాసి పక్కనే కూర్చుని వీపు నిమిరాడు. ఆ రాత్రి ఇద్దరూ అన్నం ముట్టలేదు.

*

హాల్లో సుజానాకి ఎవరో చెయ్యి వదిలేసినట్టనిపించింది. కొండదారిలో పట్టుకుని నడిపిస్తున్న చెయ్యి ఉన్నట్టుండి లేకపోతే ఎలా ఉంటుందో అలా. పడిపోతానేమోనని కమ్మీని గట్టిగా పట్టుకుంది. మాధవి చెయ్యి చేతిలోనే ఉంది.

అప్పుడు వయొలిన్లు వచ్చాయి.

ముందు సన్నగా, దారంలా ఒకటి. దాని పక్కన మరొకటి. తర్వాత అన్నీ కలిసి ఒక్కసారిగా మీద పడితే ఆమె నోరు తెరిచి నిలబడిపోయింది. వాయిస్తున్నవాళ్ళ ఊపిరి వినబడింది. ముందు వరసావిడ కాగితం తిప్పితే అది వినబడింది. ఎవరో దగ్గు ఆపుకుంటున్నది కూడా. తను విశాఖపట్నంలో విన్నదీ సైలస్ గారి దగ్గర విన్నదీ ఇన్నాళ్ళూ సగమేనని అప్పుడు తెలిసింది.

ఆ ఊళ్ళో నవంబరు చనిపోయినవాళ్ళని తలుచుకునే నెల. ఆ కచేరీ వాళ్ళ కోసమే. అందుకని అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాయించినవాళ్ళు వాద్యాలు దించి తలలు వంచారు. జనమంతా లేచి, చాలాసేపు అలా నిలబడి, ఒక్క మాట లేకుండా బయటికి నడిచారు. సుజానా చెవుల్లో ఆ మౌనం కూడా పూర్తిగా వినబడింది. వానలోకి వచ్చాక అమ్మకి చెప్పింది. "ఇన్నావా అమ్మా? అంతా వచ్చీసినాది." ఇంకా చాలా చెప్పింది. హాస్టల్ దాకా చెబుతూనే నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక కృపావతి వాటర్ ట్యాంకు గట్టెక్కింది. ఊరికి సిగ్నల్ దొరికేది అక్కడే. ఫోను చాలాసేపు చేతిలో పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమెకి పిల్ల లేచిందో లేదో తెలియదు. తిన్నదో లేదో తెలియదు. అసలు ఉందో లేదో తెలియదు. మిగతా తల్లులంతా రోజూ ఇలాగే ఎలా బతుకుతారో ఆమెకి అర్థం కాలేదు.

చీకటి పడే వేళకి ఫోను మోగింది. ఈమధ్య ఎప్పుడూ వీడియో కాలే చేసే పిల్ల, ఈసారి మామూలుగా చేసింది.

"అమ్మా! సీటు ఇచ్చీసినారు. రెండేళ్ళు. ముందు ఒక్కటే వాయించమన్నారు, తర్వాత ఇంకోటి వాయించమన్నారు. డాక్టరు కూడా ఏటంటాదో సూడాల. నాకు అంతా ఇనబడతంది అమ్మా, సీమ నడిసినా ఇనబడీలాగుంది."

"మంచిది తల్లీ," అంది కృపావతి. "మంచిది."

"నిన్న కచేరీ ఇన్నావా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. ట్యాంకు గట్టు మీద కూర్చున్నప్పటి నుంచీ దానికే జవాబు కూడబెట్టుకుంటోంది. చెవిని పిలిచేశానంటే పిల్ల ఎందుకని అడుగుతుంది. ఎందుకో తెలిస్తే, ఇన్నాళ్ళూ తన వినికిడి ఎటు పోయిందో తెలిసిపోతుంది. ఒంటరిగా ఉన్నానని బెంగపడినా పడుతుంది.

"ఇన్నాన్రా. అంతా ఇన్నాను."

"ఎలాగున్నాది?"

"శానా బాగున్నాది. మీ నాన్నకి అంతా సెప్పినాను. ఆకర్న సప్పట్లు కొట్టినారు సూడు, అబ్బో, ఇల్లు కూలిపోద్దేమో అనుకున్నాను."

అవతల నుంచి మాట రాలేదు. ట్రామ్ ఒకటి ఫోనులోంచి వెళ్ళిపోయింది. సిగ్నల్ పోయిందేమోనని కృపావతి ఫోను మొహం ముందుకి తెచ్చి చూసుకుంది. పోలేదు.

"సుజానా?"

"ఉన్నానమ్మా." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. కాసేపాగి అంది, "అవును. బాగా కొట్టినారు."

కింద ఊళ్ళో ఎవరో మేకల్ని దొడ్లోకి తోలుతున్నారు.

"అమ్మా, ఇంక రోజూ ఈ ఏలకే ఫోను సేత్తాను. ఆ రోజు ఏటేటి ఇన్నానో సెబుతాను."

"మరి నాకు ఇనబడతంది కదే," అంది కృపావతి మెల్లగా.

"ఇనబడినా సరే. నాకు సెప్పాలనుంది. కూసున్నావా? పొద్దున్న లేసీసరికి ముందు పావురాలమ్మా. కిటికీ బయట రేకు మీద నడుత్తన్నాయి. గోళ్ళ సప్పుడు..."

కృపావతి కొంగు తల మీదికి లాక్కుని, గట్టుకి చేరగిలబడి, ఊఁ కొట్టింది.